ఇంటిపేరు లేని బరిణె

"మీ కంప్యూటరు కొంప ముంచింది సారూ. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ అన్నాచెల్లెళ్ళను చేసి కూర్చుంది."

ఫోనులో ఆ మాట అన్నది వెదుళ్ళపాడు ఆశా వర్కర్ భద్రమ్మ. పినాకపాణి అప్పుడే పరిశోధనాలయం క్యాంటీనులో ఇడ్లీ తుంచి నోటిదాకా తెచ్చుకున్నాడు. ముక్క జారి సాంబారులో పడింది.

"ఎవరి పెళ్ళి భద్రమ్మా? ఎవరికి ఎవరు అన్న?"

"ఇంకెవరు, మన సుక్కమ్మ. జోగారావు ఇప్పుడు దానికి అన్న వరస అంట. లక్కవ్వ తేల్చేసింది. ఊరి పెద్ద కూడా కాదనలేకపోతున్నాడు. మీరు రండి సారూ. ఫోనులో తెగే మాట కాదిది."

పాణి చెయ్యి కడుక్కుని లేచాడు. క్యాంటీను కుర్రవాడు ఏమీ అడక్కుండానే మిగిలిన ఇడ్లీలు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. పాణి ఇలాంటివి మరిచిపోడు. భార్య విశాల పోయాక ఇల్లు ఖాళీ అయిందిగానీ, ఇలా పొట్లాలు కట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉన్నారు.

విశాఖపట్నంలో సముద్రం వైపు తిరిగి ఉన్న ఆ పరిశోధనాలయంలో పాణి కనిపెట్టిన వస్తువుకి కాగితాల మీద పెద్ద పేరే ఉంది. వెదుళ్ళపాడు కోయలు మాత్రం చూసిన రోజే దానికి బరిణె అని పేరు పెట్టేశారు. నిజంగానే మూత రాని కుంకుమ బరిణెలా ఉంటుంది. లోపల ప్రయోగశాలలో పెంచిన కిడ్నీ కణాలు తేనెపట్టులో ఈగల్లా అరలు కట్టుకుని బతుకుతాయి. జబ్బకు కట్టి రెండు సన్నటి గొట్టాలు తగిలిస్తే రక్తం లోపలికెళ్ళి శుభ్రపడి వస్తుంది. మలినం నడుం దగ్గరున్న సంచిలోకి దిగుతుంది. మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పట్నంలో అద్దెగది అక్కర్లేదు.

ఒక్కటే చిక్కు. రోజంతా పనిచేసేసరికి ఆ కణాలు అలిసిపోతాయి. గాజుపాత్రలో ఎన్ని పోషకాలు పోసినా తేరుకోవు. ఆరోగ్యంగా ఉన్న మనిషి జబ్బ మీద ఒక రోజు ఉంటే మాత్రం మళ్ళీ పనికి లేస్తాయి. దానికి గొట్టాలు కూడా వద్దు, వెంట్రుకకన్నా సన్నని సూదులున్న బిళ్ళ ఒకటి చర్మానికి అంటిస్తే చాలు. అందుకని ఒక్కో రోగికి రెండు బరిణెలు. ఒకటి రోగి ఒంటి మీద పనిచేస్తుంటే ఇంకోటి తోడు ఒంటి మీద సేద తీరుతుంది. రోజూ సాయంత్రం మార్చుకోవాలి. తోడు ఎవరో రక్తాలు పోల్చి కంప్యూటరు చెబుతుంది. ఒక రోగికి ఒకే తోడు. అది పాణి పెట్టిన నియమం.

నగరంలో మొదట ఇచ్చిన ఇళ్ళల్లో కణాలు బాగానే ఉన్నాయి. మనుషులే అలిసిపోయారు. ఒక భర్త చెప్పాపెట్టకుండా చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. ఒక కూతురు వచ్చిన ఉద్యోగం వదులుకుని, ఆ కోపం అమ్మ మీద చూపించడం మొదలుపెట్టింది. వెదుళ్ళపాడులోనూ ఇలాగే అయితే ఇక ఈ పని కట్టిపెట్టాల్సిందేనని పైవాళ్ళు చెప్పేశారు. అక్కడ మొదటి బరిణె సుక్కమ్మది. ఆమె తోడు జోగారావు.

*

శబరి నది ఒడ్డున సోలారు లాంచీ ఆగి ఉంది. దాన్ని నడిపేది జోగారావే. ఎప్పుడూ ఈల వేసుకుంటూ కనిపించేవాడు, ఆ రోజు తాడు విప్పుతూ పాణి మొహం కూడా చూడలేదు. చొక్కా చెయ్యి కింద బరిణె ఉబ్బెత్తుగా కనపడుతోంది.

"ఎలా ఉంది జోగారావూ?"

"ఏది సారూ, బరిణెనా? అది బాగానే ఉంది." లాంచీని నది మధ్యకు తిప్పాడు. "తీసేస్తే సుక్కి బతకదు. ఉంచుకుంటే సుక్కి నాది కాదు. ఇంక నేనెట్టా ఉంటా?"

పాణి లాంచీ అంచు పట్టుకుని అతని పక్కకు జరిగాడు.

"మొన్నటిదాకా బావా అనేది. అన్నా అని పిలువమని దాని అవ్వ పొద్దున్నుంచి పోరు పెడతంది." చుక్కాని సరిచేస్తూ అన్నాడు, "అది పిలవలేదు లెండి. ఇంకా పిలవలేదు."

కోయల్లో ఇంటిపేర్లన్నీ గట్టులుగా విడిపోయి ఉంటాయి. ఒకే గట్టువాళ్ళంతా తోబుట్టువులు, పెళ్ళి వేరే గట్టువాళ్ళతోనే. సుక్కమ్మ కుంజా వారి పిల్ల, జోగారావు మడకం వారి కుర్రాడు. గట్టులు వేరు కాబట్టే ఒప్పుదల కల్లు కూడా తాగేశారు. మామిడికాయలు అయిపోయాక పెళ్ళి. ఇంతలో ఈ బరిణె వచ్చింది.

సుక్కమ్మ ఇంటి ముందు ఆమె నాయనమ్మ లక్కవ్వ చేటలో సామలు చెరుగుతోంది. పాణిని చూసి చేట దించింది గానీ లేవలేదు.

"రా సారూ. కూర్చో. నిన్నొకటి అడగాలి. దాన్లో ప్రాణం ఉందని చెప్పింది నువ్వేనా?"

"నేనే అవ్వా."

"ఆ ప్రాణానికి ఆకలేస్తే ఎవరి నెత్తురు తాగుద్ది?"

"తాగడమంటే... పోషణ కోసం..."

"ఎవరిది?"

"జోగారావుది."

"లేచి ఎవరికి ఊడిగం చేస్తది?"

"సుక్కమ్మకి."

"మీ విశాఖపట్నంలో ఒక తల్లి పాలు తాగి పెరిగినోళ్ళని ఏమంటారు? మొగుడూ పెళ్ళాలంటారా?"

పాణి రక్తాలు కలవవనీ, మధ్యలో సన్నటి పొర ఉంటుందనీ చెప్పాలని చూశాడు. లక్కవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"పొరల సంగతి నాకెందుకు? నా మనవరాలు బతికింది. నీ చేతులకి దణ్ణం. కానీ వరస తప్పిన పెళ్ళి నేను చెయ్యను."

లోపల్నుంచి సుక్కమ్మ వచ్చింది. అంగన్‌వాడీ పిల్లలు ఇద్దరు ఆమె కొంగు పట్టుకుని వేలాడుతున్నారు. మొహంలో మునుపటి వాపు లేదు.

"సారూ, నేను బరిణె విప్పేస్తా. మళ్ళీ రాజమండ్రి పోయి మిషను మీద పడుకుంటా. పెళ్ళి మాత్రం చేసుకుంటా."

"నీ గుండె ఆ మిషను ఇంకెన్నాళ్ళో తట్టుకోదమ్మా. అందుకే కదా దీనికి మార్చాం."

"తెలుసు." పిల్లల తలలు నిమిరింది. "అక్కడ గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు బతికే ఉన్నా సారూ. ఎవరి కోసమో మాత్రం మర్చిపోయా. ఇక్కడికొచ్చాక గుర్తొచ్చింది. ఇప్పుడు రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఎట్టా?"

లక్కవ్వ మళ్ళీ చేట అందుకుంది. అప్పటికే చెరిగిన సామలనే మళ్ళీ మొదట్నుంచీ చెరగసాగింది. ఆ ముసలమ్మకి కూడా ఈ తీర్పు తేలికగా లేదని పాణికి అర్థమైంది.

*

సాయంత్రం ముత్యాలమ్మ గుడి పాకలో ఊరు కూర్చుంది. ఊరి పెద్ద సోయం ముక్కయ్య సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఎవరు మాట్లాడినా పూర్తయ్యేదాకా ఆగుతాడు.

సుక్కమ్మ గట్టులోనే ఇంకో తోడు దొరికితే చిక్కే లేదన్నారు ఎవరో. సొంత అన్నదమ్ములే కదా, వరస మారేదేముంది? పాణి తల అడ్డంగా ఊపాడు. వాళ్ళందరి రక్తాలూ ముందే చూశాడు, ఒక్కటీ కుదరలేదు.

"ఒక్కరే ఎందుకుండాల సారూ?" అన్నాడు ముక్కయ్య.

"నియమం అది."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎందుకు పెట్టావు?"

మనిషి మారితే కణాలు బెదురుతాయని చెప్పబోయాడు పాణి. అది నిజమే, కానీ తర్వాత తెలిసిన నిజం. ఆ నియమం అంతకంటే ముందే పుట్టింది. విశాల డయాలసిస్‌కి వెళ్ళే రోజుల్లో ప్రతిసారీ ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని అతను ఈ బరిణె బొమ్మ గీసుకునేవాడు. ఆ బొమ్మలో ఎప్పుడూ ఇద్దరే మనుషులుండేవారు. మూడో మనిషి ఉండొచ్చన్న ఊహే అతనికి రాలేదు.

"నా భార్యకి ఈ జబ్బే ఉండేది," అన్నాడు మెల్లగా. "తనకు నేను, నాకు తను. అట్లాగే చాలనుకున్నాను. దీన్ని కూడా అట్లాగే తయారు చేశాను."

లక్కవ్వ ముందుకు వంగింది.

"నువ్వొక్కడివే మోశావా?"

"అవును అవ్వా."

"అయ్యో. పక్కింటోళ్ళు లేరా?"

"ఉన్నారు. మేమే అడగలేదు."

లక్కవ్వ నాలుక చప్పరించింది. అందులో తప్పుపట్టడం లేదు. ఎండలో నడిచొచ్చినవాణ్ణి చూసి, గొడుగు తెచ్చుకోలేకపోయావా అన్నట్టుంది.

ముక్కయ్య గొంతు సవరించుకున్నాడు. "సారూ, ఇత్తనాల పండగ వస్తంది. మేం ఏం చేస్తామో ఎప్పుడైనా చూశావా? ప్రతి ఇంటోళ్ళూ పిడికెడు ఇత్తనాలు తెచ్చి అమ్మవారి ముందు పోస్తారు. పూజారి అన్నీ కలిపేస్తాడు. మళ్ళీ తలా పిడికెడు పట్టుకుపోయి చల్లుకుంటాం. ఆ పంట తిన్నాక, ఇది కుంజా వారి గింజ, ఇది మడకం వారి గింజ అని ఎవడన్నా అనగలడా?"

"అనలేడు," అన్నారు వెనకనుంచి.

"ఒక్కడు మోస్తే అది వాడి నెత్తురు. ఊరంతా మోస్తే అది ఎవరి నెత్తురు?"

అందరూ లక్కవ్వ వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుని అంది: "ఇప్పుడున్న బరిణెలు పనికిరావు. అవి జోగారావు నెత్తురు మరిగినయ్. కొత్తవి కావాల, మొదటి చుక్క నుంచీ ఊరందరిదీ కలిసి ఉండాల. పాతవాటిని మట్టిలో పెట్టేద్దాం. వాటితోనే ఆ వరసా పోద్ది. అప్పుడైతే నేను పసుపు నూరతా."

"పండగ దాకా పాతవాటితోనే నడవనీ," అన్నాడు ముక్కయ్య. "ఈలోగా సారు చేస్తే పెళ్ళి. లేకపోతే లేదు."

అన్ని రక్తాలు ఒకేసారి చూపిస్తే కణాలు బతుకుతాయని ప్రపంచంలో ఎవరూ ఎప్పుడూ నిరూపించలేదు.

"చేసి చూస్తాను," అన్నాడు పాణి.

"చూస్తానంటే కాదు," అంది లక్కవ్వ. "మేమూ చూస్తాం. మా నెత్తురు ఎక్కడికి పోతే మేమూ అక్కడికే."

*

విశాఖపట్నం బస్సులో కండక్టరు, ఊళ్ళో ఇంటింటా తీసిన రక్తపు సీసాలున్న ఐసుపెట్టె వైపు వేలు చూపించి అందులో ఏముందని అడిగాడట. లక్కవ్వ దాన్ని ఒళ్ళోంచి దించకుండానే, "మా ఊరు," అందట. అతను ఇంకేమీ అడక్కుండా పెట్టెకు కూడా కిటికీ పక్కన సీటు చూపించాడని భద్రమ్మ నవ్వుతూ చెప్పింది. వాళ్ళతో ముక్కయ్య కూడా వచ్చాడు, చెప్పులు గుమ్మం బయటే వదిలి ప్రయోగశాలలోకి అడుగుపెట్టాడు.

పాణి దగ్గర పనిచేసే వసుంధర మొదట ఈ మాట విని తల పట్టుకుంది. "సార్, ఒక్క కొత్త రక్తం చూస్తేనే కణాలు ముడుచుకుపోతాయి. ఊరినంతా ఎట్లా తట్టుకుంటాయి?"

"మొత్తం కలిపి పొయ్యండి," అంది లక్కవ్వ. "మా ఇత్తనాలు కలిపినట్టే. ఇంటికింత సమానంగా. కొసరి కొసరి పోస్తే దేనికీ బలం రాదు."

వసుంధర వద్దంది. పాణికి కూడా అనుమానమే. అయినా ఎవరి నెత్తురో వాళ్ళ మాటకు ఒక్కసారైనా విలువివ్వాలి కదా అని అలాగే పోశారు. మధ్యాహ్నానికల్లా మైక్రోస్కోపు తెర మీద కణాలు ఒక్కొక్కటే గుండ్రంగా ముడుచుకుని, నల్లబడి, కదలడం మానేశాయి.

"సచ్చిపోయినయ్యా?" అంది లక్కవ్వ.

"అవునవ్వా."

ఆమె కుర్చీలో కుంగిపోయింది. "నేనే తొందర పెట్టా. నా నోరే ఇంత. నా మనవరాలి బతుకు కూడా నేనే..."

వసుంధర వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. "అవ్వా, నేను కాపురానికెళ్ళిన రోజున మా అత్తగారు ఊరందర్నీ వరసగా నిలబెట్టి, వీళ్ళు నీకేమవుతారో చెప్పమంది. నేనూ ఇట్లాగే ముడుచుకుపోయాను. రోజుకింత చెప్పుంటే నేర్చుకునేదాన్నే. వీటికీ అట్లాగే చేద్దాం. ఊరందరిదీ కలిపే పోద్దాం, నీ మాట నీదే. కానీ మొదట చుక్కలో వందో వంతు."

లక్కవ్వ ఆమె వైపు తిరిగింది. "మీ అత్త ఇంకా ఉందా?"

"ఉంది."

"గట్టి మనిషి," అని మొట్టమొదటిసారి నవ్వింది.

మళ్ళీ మొదలుపెట్టారు. ఊరంతా కలిసిన ఆ చుక్క నీళ్ళలో వేస్తే రంగు కూడా కనపడనంత పలచగా ఉండేది. కణాలు జంకాయి, కానీ చావలేదు. మర్నాడు కాస్త చిక్కన చేశారు. ఆ మర్నాడు ఇంకాస్త. లక్కవ్వ పొద్దున్నే అతిథి గృహం నుంచి వచ్చి తలుపు దగ్గరే అడిగేది, "లేచినయ్యా?" అని. లేచాయంటే లోపలికొచ్చి కూర్చునేది. ముక్కయ్య తెర ముందు మౌనంగా గంటలు గంటలు గడిపేవాడు. ఒకనాడు, "ఇయ్యాల ఆ మూలవి ఎడంగా జరిగినయ్ సారూ," అన్నాడు. చూస్తే ఆ మూల వేడి పెట్టే తీగ ఊడి ఉంది. వసుంధర దాన్ని బిగించింది.

ఊళ్ళో భద్రమ్మ చెల్లెలు రోజూ ఫోను చేసి సుక్కమ్మ రక్తపరీక్ష ఎలా ఉందో చెప్పేది. వాడేకొద్దీ పాత బరిణెల బలం తగ్గుతోంది. మొహానికి వాపు మళ్ళీ కొంచెం వచ్చిందని చెప్పిన రోజు పాణికి అన్నం సయించలేదు. లక్కవ్వ అతని కంచం ముందుకు జరిపి, "నువ్వు తినకపోతే అయ్యి తింటాయా?" అంది. తిన్నాడు.

చిక్కటి రక్తం పోసిన నాడు అందరూ తెర చుట్టూ చేరారు. కణాలు కాసేపు వణికి సర్దుకున్నాయి. అలిసిపోయినవాటిని ఊళ్ళో ఎవరి రక్తం మీద పెట్టినా తేరుకుంటున్నాయి. కాసేపటికి వడపోత గొట్టం చివర తేటనీటి బొట్టు ఒకటి ఊరి గాజుపాత్రలో పడింది. దాని వెనక ఇంకోటి. వసుంధర పైకి అరిచేసి నోరు మూసుకుంది. ముక్కయ్య లేచి ఆ పాత్రకు దణ్ణం పెట్టాడు.

"ఒక ఇల్లు తక్కువైంది," అంది లక్కవ్వ.

"ఎవరిది?" పాణి కంగారు పడ్డాడు.

"నీది."

"నేను ఊరివాణ్ణి కాదు కదా అవ్వా."

"మా ఇంట్లో కూడు తినలేదా? మా కిందే లెక్క. వేలు ఇట్టా పెట్టు."

పాణి వేలు చాచాడు. సూది గుచ్చింది వసుంధర గానీ, చెయ్యి పట్టుకుంది లక్కవ్వ. ఎవరైనా అతని చెయ్యి అలా పట్టుకుని చాలా కాలమైంది.

ఆ చుక్కతో కూడా కణాలు మామూలుగానే ఉన్నాయి. పని పూర్తయ్యాక మిగిలిన రక్తమంతా పెట్టెలో సర్దించి వెనక్కి పట్టుకెళ్ళింది లక్కవ్వ. ఇంకో పరీక్షకు కొంచెం ఉంచుకుందామని వసుంధర అడిగితే, "కావాలంటే మళ్ళీ ఊరికొచ్చి అడుగు, ఇస్తాం. ఇది మాత్రం మా మట్టిలో కలవాల," అంది. వసుంధర సరేనంది.

*

పండగ నాడు ముత్యాలమ్మ ముందు విత్తనాల కుప్ప పోశారు. జొన్నలూ సామలూ కందులూ, పిడికిలి వెంట పిడికిలి. పాత బరిణెలను పాక వెనక మట్టిలో పెట్టి, కొత్తవి రెండూ కుప్ప మీద ఉంచారు. పూజారి చేతులు విత్తనాలను కలుపుతుంటే బరిణెలు కూడా వాటితో పాటు కదిలాయి.

మొదటి తోడుగా తానే ఉంటానని లక్కవ్వ పట్టుబట్టింది. వయసు ఒప్పుకోదని పాణి అంటే అలిగి మొహం తిప్పుకుంది. భద్రమ్మ జబ్బ చాచింది, ఒకటి ఆమెకు కట్టారు. రెండో బరిణె ప్రయోగశాల నుంచి తాజాగా వచ్చిందే కనుక అది నేరుగా సుక్కమ్మకు కట్టారు. అది బాగానే పనిచేసింది. దానికెవరూ ఆశ్చర్యపోలేదు. అసలు పరీక్ష మర్నాడు సాయంత్రం. అలిసిన బరిణె విప్పి, భద్రమ్మ ఒంటి మీద ఉన్నది సుక్కమ్మకు తగిలించారు. రక్తం ఏమాత్రం కుదరదని కంప్యూటరు కొట్టిపారేసిన మనిషి భద్రమ్మ.

ఊరంతా సుక్కమ్మ నడుం దగ్గర సంచి వైపు చూస్తూ కూర్చుంది. ఆడపిల్ల నడుం వైపు అంతమంది అలా చూడటం ఏం బాగుందని ఎవరో ముసలాయన విసుక్కుంటే నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్యే సంచిలోకి బొట్లు దిగడం మొదలైంది. ధారగా, తడబడకుండా.

సుక్కమ్మ చుట్టూ చూసింది. గుంపు వెనక లాంచీ తాడు చేతికి చుట్టుకుని నిలబడ్డవాడు కనిపించాడు.

"ఏం బావా, అట్టా నిలబడ్డావు?" అంది.

లక్కవ్వ ఏమీ అనలేదు. పసుపుకొమ్ములు ఎక్కడున్నాయో వెతకడానికి ఇంట్లోకి వెళ్ళింది.

*

పెళ్ళి నాడు పొద్దున్నే పేచీ వచ్చింది.

జీలుగు కల్లు కుండలు వరసగా దిగుతున్నాయి. డోలు కొయ్యల తోళ్ళు అప్పుడే బిగుస్తున్నాయి. ఆ రోజు తోడు వంతు ఉన్న కుర్రాడు మాత్రం ముందు సాయంత్రం కట్టుకున్న బరిణె విప్పి లక్కవ్వ గుమ్మంలో పెట్టి మాయమయ్యాడు. తోడుగా ఉన్నవాళ్ళు ఆ రోజు కల్లు ముట్టకూడదు, బిళ్ళ తడవకూడదు. ఈ రెండు నియమాలూ పాణివే, వీటిని ఊరు కూడా ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ వంతుల కోసం పోటీ పడ్డ ఊరికి ఇవాళ ఒక్కసారిగా జబ్బు చేసింది.

"నాకు రాత్రి నుంచి తల తిరుగుతంది," అన్నాడొకడు.

"నాకు నడుం."

"నేను పోయినసారే మోశా. రెండు రోజులు వరసగా!"

లక్కవ్వ సగమే సేద తీరిన ఆ బరిణెను అరచేతిలో పెట్టుకుని నడివీధిలో నిలబడింది. "ఊరంతా మోస్తామన్నారు కదరా! కల్లు కుండ కనపడేసరికి ఊరు ఎటు పోయింది? సాయంత్రం నా మనవరాలికి మీ కుండలు కట్టాల్నా?"

పాణి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాకివ్వు అవ్వా. నేనెలాగూ తాగను."

వీధంతా కేకలూ ఈలలూ లేచాయి. లక్కవ్వ అతని జబ్బకు బిళ్ళ అంటించి బరిణె కట్టింది. "తాగని రోగం నీకెందుకొచ్చిందో అనుకునేదాన్ని సారూ. ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది."

దాన్ని కనిపెట్టాడే గానీ ఒక మనిషి కోసం పాణి ఎప్పుడూ మోయలేదు. చర్మానికి వెచ్చగా తగిలింది, నిద్రపోతున్న పిల్లి ఆనుకున్నట్టు. కొంచెం దాహం వేసింది. అంతే. ఇంత తేలికా, అనుకున్నాడు. ఒక్క రోజుకైతే ఇంత తేలిక. రేపు ఇంకొకరు మోస్తారు, ఎల్లుండి ఇంకొకరు. చెప్పకుండా చెల్లెలింటికి వెళ్ళిపోయిన ఆ భర్త గుర్తొచ్చాడు. ఆ వీధిలో కూడా ఇళ్ళు ఉండే ఉంటాయి. తిరిగి వెళ్ళాక ముందు ఆ వీధికే వెళ్ళి ఒక్కో తలుపూ తట్టాలనుకున్నాడు.

పెళ్ళి సాగింది. పాణి కుంజా వారి లెక్కలో ఉన్నాడు కాబట్టి పెళ్ళికూతురి వైపు మనిషయ్యాడు. దాంతో మగపెళ్ళివారి ఆడవాళ్ళు వియ్యాలవారిని తడపడానికి ఇత్తడి బిందెల్లో పసుపు నీళ్ళు పట్టుకుని పొద్దున్నుంచీ అతని చుట్టూ తిరుగుతున్నారు. దగ్గరికొచ్చినప్పుడల్లా భద్రమ్మ అడ్డం పడుతోంది.

"ఏయ్, బరిణె ఉంది! తడవకూడదు!"

"చదువుకున్న వియ్యంకుడికి నీళ్ళంటే భయమా?" అంది జోగారావు మేనత్త. "సాయంత్రం దాకా ఆగుతాం లే. మా బిందెలు ఎక్కడికీ పోవు."

రేలా ఆట మొదలైంది. చేతులు పట్టుకుని గొలుసుగా తిరుగుతున్న ఆడపిల్లల మధ్య సుక్కమ్మ ఆడుతోంది. మిషను మీద పడుకున్నప్పుడు ఆ పాదాలు ఎలా ఉండేవో పాణికి తెలుసు. ఇప్పుడు దుమ్ము లేపుతున్నాయి. అలిసినప్పుడు కూర్చుంటోంది, మళ్ళీ లేస్తోంది. ఎవరూ ఆమెను వద్దనడం లేదు, చాలు కూర్చోమనడం లేదు. విశాల ఈ పాదాలను చూసి ఉంటే ఏదో ఒక ఎకసెక్కం తప్పకుండా ఆడి ఉండేది. ఏమనేదో ఊహించుకుని అతను తనలో తనే నవ్వుకున్నాడు.

పొద్దు గుట్టల మీదికి వాలగానే సుక్కమ్మ, జోగారావు కొంగుముడితోనే వచ్చి అతని ముందు కూర్చున్నారు. పాణి ఆమె బరిణె విప్పాడు. తన జబ్బ మీది బరిణె విప్పి ఆమెకు తగిలించాడు. గొట్టాల్లో రక్తం నిండింది. సంచిలో బొట్లు మొదలయ్యాయి. విప్పిన బరిణెకు మర్నాటి వంతువాడు జబ్బ చాచాడు, పొద్దున మాయమైన కుర్రాడే, సిగ్గుపడుతూ.

"బాగుందా పెదనాన్నా?" అంది సుక్కమ్మ.

ఎప్పుడూ సారూ అనేది. పాణి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"బాగుందమ్మా. చాలా బాగుంది."

"మీది పూర్తిగా విప్పేశారా మరి?" అమాయకంగా అడిగింది.

"విప్పేశాను."

సుక్కమ్మ వెనక్కి తిరిగి వీధంతా వినపడేట్టు అరిచింది. "అత్తా! విప్పేశాడంట!"

బిందెలు కదిలాయి. మేనత్త ముందు, ఆమె వెనక మగపెళ్ళివారి ఆడవాళ్ళంతా. భద్రమ్మ ఈసారి అడ్డం రాలేదు సరికదా, తనూ ఒక చెంబు అందుకుంది. పాణి లేచి పరుగెత్తబోతే జోగారావు భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఆగండర్రా, ఆగండి!" లక్కవ్వ కేక వేసింది.

అందరూ ఆగారు. ముసలమ్మ తాపీగా నడిచొచ్చి, రెండు చేతులతో అతని కళ్ళజోడు తీసి, మడిచి, తన కొంగులో భద్రంగా కట్టుకుంది.

"ఊఁ, ఇప్పుడు పొయ్యండి."